చల్లని ప్లాస్మాకు క్యాటలిస్ట్ తోడైతే: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లుగా ప్లాస్మా రియాక్టర్ల చుట్టూనే తిరుగుతున్నాను. ల్యాబ్ చూడటానికొచ్చే ఇంజనీరింగ్ పిల్లలు, ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసే మా బావ, కొత్తగా చేరిన జూనియర్లు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ప్రతిసారీ చెప్పే జవాబులే ఇక్కడ రాసిపెట్టాను. ముందే ఒక మాట: ఈ రంగమంటే నాకు ఇష్టం, దాని కరెంటు బిల్లంటే అనుమానం. కింద రెండూ కనిపిస్తాయి.

ప్లాస్మా అంటే రక్తంలో ఉండే ప్లాస్మానా?

కాదు, పేరొక్కటే. వాయువులోని కొన్ని అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, ఎలక్ట్రాన్లూ అయాన్లూ మామూలు అణువులూ కలగలిసి ఉండే స్థితి ఇది. మెరుపు, వెల్డింగ్ ఆర్క్, ట్యూబ్‌లైట్ లోపలి వెలుగు అన్నీ ప్లాస్మాలే. 1928లో అమెరికా శాస్త్రవేత్త ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఈ పేరు పెట్టాడు. రక్తకణాలను మోసుకెళ్లే ద్రవం గుర్తొచ్చి పెట్టాడని చెబుతారు. అప్పటినుంచి ఈ ప్రశ్న తప్పడం లేదు.

ఒకపక్క చల్లని ప్లాస్మా అంటారు, ఇంకోపక్క ఎలక్ట్రాన్లు పదివేల డిగ్రీలంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. వెలుగుతున్న ట్యూబ్‌లైట్‌ను చేత్తో పట్టుకోండి, గోరువెచ్చగా ఉంటుంది. లోపలి ఎలక్ట్రాన్ల సగటు శక్తిని ఉష్ణోగ్రతగా మారిస్తే పదివేల డిగ్రీల పైమాటే. ఎలక్ట్రాన్ చాలా తేలిక. విద్యుత్ క్షేత్రం దాన్ని ఇట్టే పరుగెత్తిస్తుంది. కానీ అది వెళ్లి బరువైన అణువును గుద్దితే, క్యారమ్స్ కాయిన్ వెళ్లి రోడ్డు రోలర్‌ను గుద్దినట్టే, రోలర్ కదలదు. అందుకే వేడి ఎలక్ట్రాన్ల దగ్గరే ఉండిపోతుంది, వాయువు చల్లగానే ఉంటుంది.

రసాయన శాస్త్రానికి పనికొచ్చేది ఈ తేడాయే. మేం వాడే ప్లాస్మాల్లో ఎలక్ట్రాన్ల శక్తి 1 నుంచి 10 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే కొలమానం) దాకా ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌లో ఒక ఆక్సిజన్‌ను విడగొట్టాలంటే సుమారు 5.5, నైట్రోజన్ అణువును రెండుగా చీల్చాలంటే 9.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. వాయువు మొత్తాన్నీ కొలిమిలో పెట్టకుండా, కొన్ని ఎలక్ట్రాన్లతోనే ఆ బంధాలను కదిలించవచ్చు.

వాతావరణ పీడనంలోనే ఎందుకు చేయాలి?

ఖర్చు కోసం. వాక్యూమ్‌లో అందమైన ప్లాస్మా సులువుగా వస్తుంది, కానీ ఫ్యాక్టరీలో గంటకు వేల లీటర్ల వాయువును వాక్యూమ్ పంపుల గుండా లాగడం కుదిరే పని కాదు. మామూలు పీడనంలో ఉన్న చిక్కల్లా ఒకటే, గాలిలో మిల్లీమీటరుకు సుమారు 3 కిలోవోల్టులు ఇస్తేగానీ డిశ్చార్జి మొదలవదు. మొదలయ్యాక ఆర్క్‌గా మారి అంతా కాల్చేయాలని చూస్తుంది. దాన్ని ఆపడానికే మధ్యలో గాజు పెడతాం.

ఆ రియాక్టర్ చూడటానికి ఎలా ఉంటుంది?

అందరూ నిరాశపడేది ఇక్కడే. అరచేతి పొడవు క్వార్ట్జ్ గొట్టం. దాని నడుమ స్టీలు కడ్డీ. గొట్టం లోపలి గోడకూ కడ్డీకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు. గొట్టం బయట రాగి జాలీ చుట్టి ఎర్త్ చేస్తాం. కడ్డీకి 5 నుంచి 20 కిలోవోల్టుల ఏసీ ఇస్తాం. దీన్ని డైఎలక్ట్రిక్ బ్యారియర్ డిశ్చార్జ్ అంటారు, ల్యాబ్ భాషలో డీబీడీ. 1857లో జర్మనీలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ ఓజోన్ తయారుచేయడానికి చేసిన గొట్టం కూడా ఇదే పద్ధతి.

లైట్లు ఆపి వోల్టేజ్ పెంచుతూ పోతే ముందు సన్నటి గుయ్ శబ్దం, చినుకుల్లో హైటెన్షన్ తీగల కింద వినిపించేలాంటిది, వస్తుంది. తర్వాత సందులో ఊదారంగు దారాలు నాట్యం చేస్తాయి. ఒక్కో దారం మందం మిల్లీమీటరులో పదో వంతు, ఆయుష్షు కొన్ని పదుల నానోసెకన్లు. దారం పుట్టిన చోట గాజు మీద చార్జి పేరుకుని, అక్కడి క్షేత్రాన్ని తనే చంపేస్తుంది. అందుకే అది ఆర్క్ కాలేదు. ఇప్పుడు అదే సందులో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) గుళికలు నింపండి. దారాలు తగ్గిపోయి, గుళికల ఒంటిమీద, అవి ఒకదానికొకటి తగిలే చోట వెలుగు పాకుతుంది. కింద ఒక ప్రశ్నకు ఈ మార్పు అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

డీబీడీ ఒక్కటే కాదు, గ్లైడింగ్ ఆర్క్, మైక్రోవేవ్ ప్లాస్మా కూడా ఉన్నాయి. వాటిలో వాయువు వేలకొద్దీ డిగ్రీలకు వేడెక్కుతుంది కాబట్టి క్యాటలిస్టును లోపల పెట్టలేం, వెనక పెట్టాలి.

ప్లాస్మాయే అణువుల్ని విరగ్గొడుతుంటే క్యాటలిస్ట్ దేనికి?

ప్లాస్మాకు బలం ఉంది, విచక్షణ లేదు. మీథేన్, కార్బన్ డయాక్సైడ్ కలిపి ఖాళీ గొట్టంలో పంపితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, ఈథేన్, అసిటిలీన్, కాస్త మసి, ఇంకా పేరు పెట్టలేని జిగురు ఏదో వస్తాయి. మనకు కావలసింది ఒకటి, వచ్చేది పది. క్యాటలిస్ట్, అంటే పాఠ్యపుస్తకాల్లో ఉత్ప్రేరకం, ఆ ముక్కల్ని తన ఉపరితలం మీద పట్టుకుని కావలసిన జతలు కుదురుస్తుంది. పెళ్లిళ్ల పేరయ్య పని.

బేరం రెండోవైపు కూడా ఉంది. ప్లాస్మా లేకుండా నికెల్ మీద మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌ల డ్రై రిఫార్మింగ్ (రెంటినీ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌లుగా మార్చడం) జరగాలంటే 700 నుంచి 900 డిగ్రీలు కావాలి. ప్లాస్మాలో అణువులు అప్పటికే విరిగో, కంపిస్తూనో ఉపరితలానికి చేరతాయి కాబట్టి చాలా తక్కువ వేడిలోనే పని మొదలవుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపి మీథేన్ చేసే సబాటియే చర్యకు మామూలుగా 300 డిగ్రీల దరిదాపులు కావాలి. సీరియా, జిర్కోనియా అనే ఆక్సైడ్ల మీద నికెల్ వేసి డీబీడీలో పెడితే 150 లోపే సాగుతుంది. కాకపోతే ఆ చర్య తనంతట తానే వేడినిస్తుంది. థర్మామీటర్ చూపే అంకెను మరీ నమ్మకండి, గుళిక ఒంటిమీద వేడి ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

క్యాటలిస్టును ప్లాస్మాలోనే పెట్టాలా, తర్వాత పెట్టినా చాలా?

రాడికల్స్ (బంధం తెగి, దేనితోనైనా చర్య జరపడానికి ఎగబడే ముక్కలు), ఉత్తేజిత అణువులు చాలావరకు మైక్రోసెకన్లలో, మహా అయితే మిల్లీసెకన్లలో సచ్చూరుకుంటాయి. వాటితో పని ఉంటే క్యాటలిస్ట్ లోపలే ఉండాలి. ఓజోన్ లాంటి గట్టిపిండంతో పని అయితే వెనక పెట్టినా చాలు.

లోపల పెట్టినా ఇంకో మెలిక ఉంది. క్యాటలిస్ట్ గుళికలో ఉపరితలమంతా నానోమీటర్ల రంధ్రాల్లో దాగి ఉంటుంది. వాతావరణ పీడనంలో ప్లాస్మా అంత సన్నటి రంధ్రాల్లో పుట్టలేదు, మైక్రోమీటర్లలో ఉండే సందులే దానికి ఇరుకు. అంటే గ్రాముకు రెండు వందల చదరపు మీటర్లున్న క్యాటలిస్ట్ తెచ్చిపెట్టినా ప్లాస్మాకు దొరికేది పైపొర మాత్రమే. వేడి చర్యల కోసం తయారైన క్యాటలిస్టును తీసుకొచ్చి ప్లాస్మాలో పడేస్తే మంచి ఫలితం రాకపోవడానికి ఇదొక కారణం.

అమోనియా విషయంలో మాత్రం ఇదే లోపం వరమైంది. పుట్టిన అమోనియాను ప్లాస్మా మళ్లీ విరగ్గొడుతుంది. జియోలైట్ (సన్నటి రంధ్రాలుండే ఖనిజం) పెడితే అమోనియా వెళ్లి ప్లాస్మా చొరబడలేని రంధ్రాల్లో దాక్కుంటుంది.

సినర్జీ, సినర్జీ అని ప్రతి పేపర్లోనూ రాస్తారు. నిజంగా ఉందా?

సినర్జీ అంటే ప్లాస్మా, క్యాటలిస్ట్ విడివిడిగా చేసేదానికన్నా కలిసి ఎక్కువ చేయడం. కొన్నిచోట్ల ఉంది. చాలాచోట్ల ఉందని రాశారు. రెంటికీ తేడా నాకు మొదటి ఏడాదే తెలిసొచ్చింది.

అల్యూమినా మీద నికెల్ వేసి, గొట్టం నింపి, ప్లాస్మా వెలిగిస్తే కన్వర్షన్, అంటే పంపిన వాయువులో మారిన వాటా, ఖాళీ గొట్టం కన్నా బాగా పెరిగింది. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో అందరికీ నేనే టీ ఇప్పించాను. మర్నాడు మా గైడ్ గారు ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "నికెల్ లేని ఉత్త అల్యూమినా పెట్టి చూశావా?" చూడలేదు. చూస్తే దాదాపు అంతే వచ్చింది. పెరిగిందంతా గుళికల వల్ల డిశ్చార్జి రూపం మారడంతో వచ్చినదే, నికెల్ చేసింది అత్తెసరు. టీ డబ్బులు ఎలాగూ వెనక్కి రావు.

అందుకే ఎవరైనా సినర్జీ అంటే నేను నాలుగు ప్రయోగాలు అడుగుతాను. క్యాటలిస్ట్ లేకుండా ప్లాస్మా. ప్లాస్మా లేకుండా, అదే ఉష్ణోగ్రతలో క్యాటలిస్ట్. ప్లాస్మాతో ఉత్త సపోర్టు, అంటే లోహం వేయని గుళికలు. చివరికి రెండూ కలిపి. గుళికలు నింపితే ఖాళీ తగ్గి వాయువు తొందరగా బయటపడుతుంది కాబట్టి, ఆ లెక్క కూడా సరిచేసి చెప్పాలి. ఇవన్నీ దాటుకుని నిలబడితే అప్పుడు నేనే టీ ఇప్పిస్తాను.

"30 శాతం కన్వర్షన్ సాధించాం" అంటే మంచిదేనా?

అంకె ఒక్కటే చూసి చెప్పలేం. ఎంత కరెంటుకు అని అడగండి. ఒక లెక్క వేద్దాం, కాగితం దగ్గర పెట్టుకోండి.

గొట్టంలోకి నిమిషానికి 40 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్ పోతోంది, ప్లాస్మా 30 వాట్లు తింటోంది అనుకుందాం. నిమిషానికి 1800 జౌళ్లు, అంటే లీటరుకు 45 కిలోజౌళ్లు. గది ఉష్ణోగ్రతలో ఒక మోల్ సుమారు 24.5 లీటర్లు కాబట్టి, మోల్‌కు 1100 కిలోజౌళ్లు పోస్తున్నాం. కార్బన్ డయాక్సైడ్‌ను కార్బన్ మోనాక్సైడ్‌గా విడగొట్టడానికి సిద్ధాంతం ప్రకారం కావలసింది మోల్‌కు 283. కన్వర్షన్ 25 శాతం వస్తే ఉపయోగపడింది 71 కిలోజౌళ్లు. సామర్థ్యం ఆరున్నర శాతం. మిగతా తొంభై మూడున్నర గొట్టాన్ని వేడి చేయడానికి పోయింది.

ఇది నేను కావాలని ఎంచుకున్న చెడ్డ ఉదాహరణ కాదు. డీబీడీలో కార్బన్ డయాక్సైడ్ సామర్థ్యాలు మామూలుగా 5 నుంచి 10 శాతం దగ్గరే తిరుగుతాయి. గ్లైడింగ్ ఆర్క్, మైక్రోవేవ్‌లు 30 శాతం పైకి వెళ్తాయి. పైగా 30 వాట్లన్నది ప్లాస్మా దగ్గరి లెక్క. గోడ సాకెట్ దగ్గర మీటరు పెడితే ఇంకా ఎక్కువ చూపిస్తుంది, ఎందుకంటే పవర్ సప్లై కూడా తన వాటా తినేస్తుంది. పేపర్లో ఏ వాట్లు రాశారో చూడకుండా రెండు రియాక్టర్లను పోల్చకండి.

గ్యాస్ క్రొమటోగ్రాఫ్ లెక్కల్లో అందరూ చేసే తప్పు ఏది?

ఈ యంత్రం బయటికొచ్చే వాయువులో ఏది ఎంత శాతమో చెబుతుంది. తప్పు, వ్యాకోచం మర్చిపోవడం. 100 మిల్లీలీటర్ల కార్బన్ డయాక్సైడ్‌లో 20 విడిపోతే, 80 మిగిలి, 20 కార్బన్ మోనాక్సైడ్, 10 ఆక్సిజన్ వస్తాయి. మొత్తం 110. ఇందులో కార్బన్ డయాక్సైడ్ వాటా 72.7 శాతం. వందలోంచి తీసేసి కన్వర్షన్ 27.3 అని రాసుకుంటే సంతోషంగానే ఉంటుంది, నిజం మాత్రం 20. బయటికొచ్చే వాయువులో కొలిచిన నైట్రోజన్ కలిపితే ఈ తప్పు పట్టుబడుతుంది. ఆ నైట్రోజన్‌ను రియాక్టర్ తర్వాత కలపండి, ముందు కలిపితే అదీ ప్లాస్మాలో చేరి ఆట మొదలుపెడుతుంది.

అమోనియా తయారీలో హేబర్-బాష్ పద్ధతిని ఇది పక్కకు నెడుతుందా? (మా బావ ప్రశ్న. ఉద్యోగం గురించి.)

బావా, రిటైరయ్యే దాకా నిశ్చింతగా ఉండొచ్చు.

ప్లాస్మాతో నైట్రోజన్‌ను పట్టడం నిజానికి హేబర్-బాష్ కన్నా పాతది. 1903లో నార్వేలో క్రిస్టియన్ బిర్క్‌లాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త విద్యుదయస్కాంత ఫిరంగి ప్రదర్శన పెట్టాడు. షార్ట్ సర్క్యూటై పెద్ద ఆర్క్ లేచి, సభ రసాభాస అయింది. కొద్దిరోజులకే సామ్ ఐడె అనే ఇంజనీరు, గాలిలోని నైట్రోజన్‌ను ఎరువుగా మార్చడానికి భారీ మెరుపు కావాలని వెతుకుతూ ఇతన్ని కలిశాడు. అయస్కాంతంతో ఆర్క్‌ను పళ్లెంలా పరిచి, దాని గుండా గాలి పంపితే ఒకటి రెండు శాతం నైట్రిక్ ఆక్సైడ్ వచ్చేది. 1905లో నార్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది, నోటోడెన్‌లో ఫ్యాక్టరీ మొదలైంది, తర్వాత ర్యూకాన్‌లో ఇంకా పెద్దది. అక్కడి జలపాతాల కరెంటు చవక కాబట్టి నడిచింది. 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో హేబర్-బాష్ ప్లాంటు మొదలయ్యాక, అంత కరెంటు తినే పద్ధతి దానితో పోటీపడలేకపోయింది. ఆ రెండు ఊళ్లూ 2015లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. అది వేడి ప్లాస్మా, మేం చేసేది చల్లనిది. కానీ దాన్ని ముంచిందీ కరెంటు బిల్లే.

ఇప్పటి లెక్క చూద్దాం. హేబర్-బాష్ 400 నుంచి 500 డిగ్రీల్లో, వందకు పైగా వాతావరణాల పీడనంలో నడుస్తుంది. టన్నుకు సుమారు 30 గిగాజౌళ్లు. యూనిట్లలోకి మారిస్తే, ఒక యూనిట్ శక్తికి దాదాపు 120 గ్రాముల అమోనియా. డీబీడీ ప్రయోగాల్లో ఎక్కువవాటిలో ఒక యూనిట్‌కు కొన్ని గ్రాములే. దూరం అంత ఉంది.

మరి ఎందుకు పట్టు వదలరు? 2018లో అమెరికాలోని నోట్రడామ్ విశ్వవిద్యాలయం బృందం ఒక ఆసక్తికరమైన వాదన చేసింది. నైట్రోజన్ అణువును ప్లాస్మా కంపింపజేస్తే, అది క్యాటలిస్ట్ మీద చీలడం సులువవుతుంది, తర్వాతి మెట్లు మాత్రం మారవు. అప్పుడు మామూలు పద్ధతిలో ముందుండే ఇనుము, రుథేనియంల వంతు పోయి, కోబాల్ట్, నికెల్ లాంటివి ముందుకొస్తాయి. తర్వాత వచ్చిన కొన్ని మోడల్స్ డీబీడీలో కంపనాల కన్నా విడి పరమాణువులు, రాడికల్స్‌దే పెద్ద పాత్ర కావచ్చంటున్నాయి. గొడవ ఇంకా తేలలేదు, కానీ క్యాటలిస్టును ప్లాస్మా కోసం విడిగా ఎంచుకోవాలన్నది మాత్రం స్థిరపడింది.

అమోనియా జోలికి పోకుండా, గాలి నుంచి నేరుగా నైట్రోజన్ ఆక్సైడ్లు చేసి ఎరువుగా వాడే దారి నాకు ఎక్కువ నచ్చుతుంది. హైడ్రోజన్ అవసరమే లేదు. నార్వేకే చెందిన ఎన్2 అప్లైడ్ అనే సంస్థ పశువుల పేడ నీటిలోకి ఇలా చేసిన ఆక్సైడ్లను పంపే పద్ధతిని తయారుచేసింది. పేడలోని అమోనియా గాలిలోకి పోకుండా నిలుస్తుంది, పైగా కొత్త నైట్రోజన్ చేరుతుంది.

బయోగ్యాస్‌తో ఏమైనా చేయొచ్చా?

గోబర్ గ్యాస్‌లో మీథేన్ 50 నుంచి 65 శాతం, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్. డ్రై రిఫార్మింగ్‌కు కావలసిన రెండూ ఒకే గొట్టంలో వస్తాయి. ఇంతకన్నా అనుకూలమైన ముడిసరుకు లేదు. సల్ఫర్ తీసేయడం మాత్రం మర్చిపోకండి, హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే నికెల్ పని ఖతం.

ఈ చర్య లాభసాటి కావాలంటే మారిన ఒక్కో అణువుకు 4.27 ఎలక్ట్రాన్ వోల్టులు దాటకూడదని యాంట్‌వర్ప్ విశ్వవిద్యాలయంలో ఆనెమీ బోగార్ట్స్ బృందం ఒక గీత గీసింది. డీబీడీ దానికి చాలా దూరంలో ఉంది, గ్లైడింగ్ ఆర్క్ దగ్గరకు వచ్చింది. మసి ఇంకో తలనొప్పి. నికెల్‌ను మూసేయడంతో ఆగదు, కార్బన్ విద్యుద్వాహకం కాబట్టి గొట్టం గోడ మీద పేరుకుని ప్లాస్మానే ఆర్పేస్తుంది.

ఇంకో దారి, సిన్‌గ్యాస్ (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌ల మిశ్రమం) మెట్టు ఎక్కకుండా నేరుగా ద్రవాలు చేయడం. 2017లో లివర్‌పూల్ బృందం ఈ రెండు వాయువుల నుంచే గది ఉష్ణోగ్రతలో ఎసిటిక్ ఆమ్లం, మెథనాల్ లాంటివి ఒకే మెట్టులో తీసింది. డీబీడీకి భవిష్యత్తు ఉంటే ఇలాంటి చోటే అని నా అంచనా. సిన్‌గ్యాస్ కిలో ధరతో డీబీడీ బిల్లు కట్టలేం.

ఇంత కరెంటు తింటే పర్యావరణహితం ఎలా అవుతుంది?

బొగ్గు కరెంటుతో నడిపితే కాదు. సోలార్, గాలిమరల కరెంటుతో నడిపితే అవుతుంది. ఇక్కడ ప్లాస్మాకు ఒక మంచి గుణం ఉంది. మీట నొక్కగానే వెలుగుతుంది, ఆపితే ఆరిపోతుంది. మీథేన్ నుంచి హైడ్రోజన్ తీసే రిఫార్మర్ కొలిమిని మధ్యాహ్నం వెలిగించి సాయంత్రం ఆర్పలేరు. సౌర విద్యుత్తు మిగిలిపోయే మిట్ట మధ్యాహ్నం మాత్రమే నడిచే చిన్న ప్లాంటు ఊహ బాగుంటుంది. కానీ రోజుకు ఆరు గంటలే నడిచే యంత్రానికి పెట్టుబడి ఎప్పుడు తిరిగొస్తుందని మా బావ అడిగితే నా దగ్గర గట్టి జవాబు లేదు.

ఇప్పటికే ఎక్కడైనా వాడుతున్నారా?

ఓజోన్ తయారీలో నూరేళ్లకు పైగా. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో 1906 నుంచి తాగునీటిని ఓజోన్‌తో శుద్ధి చేశారు. అందులో క్యాటలిస్ట్ లేదనుకోండి.

క్యాటలిస్టుతో కలిసి నిజంగా బతికి బట్టకట్టింది చెడుగాలిని శుభ్రం చేసే పనిలో. పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల పక్కగా వెళ్తే ముక్కుకు తగిలే సాల్వెంట్ల వాసన ఉంటుంది కదా. అక్కడి గాలిలో టోలుయిన్ లాంటివి పదిలక్షల్లో కొన్ని పదులో వందలో పాళ్లు. వాటిని కాల్చాలంటే గాలి మొత్తాన్నీ వందల డిగ్రీలకు వేడి చేయాలి. ప్లాస్మా అయితే గాలిని వేడి చేయకుండానే ఆక్సిజన్ పరమాణువులను, ఓజోన్‌ను పుట్టిస్తుంది. వెనక మాంగనీస్ ఆక్సైడ్ పెడితే, బయటికి పోకూడని ఓజోన్‌ను అది విరగ్గొట్టి, ఆ ఆక్సిజన్‌తోనే మిగిలిన టోలుయిన్‌ను కాలుస్తుంది. ఒక చెత్తతో ఇంకో చెత్తను తగలేయడం. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇదే. కాలుష్యం పలచగా ఉన్నప్పుడే ఇది లాభం. చిక్కగా ఉంటే నేరుగా కాల్చడమే చవక.

మన దగ్గర ఎవరు చేస్తున్నారు?

సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో చల్లపల్లి సుబ్రహ్మణ్యం బృందం చాలాకాలంగా చల్లని ప్లాస్మా, క్యాటలిస్టుల మీద పనిచేస్తోంది: సాల్వెంట్ ఆవిరులు, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. ప్లాస్మా పరికరాల వైపు వెళ్లాలనుకుంటే గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ ఉంది.

యూట్యూబ్ చూసి ఇంట్లో చేసుకోవచ్చా?

వద్దు. కిలోవోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ రెండో అవకాశం ఇవ్వదు. దానికితోడు ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు, కార్బన్ డయాక్సైడ్‌తో చేస్తే కార్బన్ మోనాక్సైడ్ వస్తాయి. చివరిదానికి వాసన కూడా ఉండదు. జిరాక్స్ షాపులో వచ్చే ఘాటు వాసన తెలుసుగా, అది ఓజోన్. ల్యాబులో ఆ వాసన వస్తే మేం ముందు స్విచ్ ఆపేస్తాం, లీకు తర్వాత వెతుకుతాం.

ఎమ్మెస్సీ అయ్యాక ఇందులో చేరితే మొదట ఏం నేర్చుకోవాలి?

క్యాటలిస్ట్ తయారీ అందరికీ వచ్చేస్తుంది. ఓసిలోస్కోప్ దగ్గర కూర్చోవడమే ఎవరికీ ఇష్టం ఉండదు. ఎర్త్ వైపు ఒక కెపాసిటర్ పెట్టి, చార్జిని వోల్టేజ్‌తో కలిపి గీస్తే తెరమీద వాలిన సమాంతర చతుర్భుజం వస్తుంది. దాని వైశాల్యం ఒక సైకిల్‌లో ప్లాస్మా తిన్న శక్తి. ఫ్రీక్వెన్సీతో గుణిస్తే వాట్లు. 1943లో మాన్లీ అనే పరిశోధకుడు చూపించిన పద్ధతి ఇది, ఇప్పటికీ దీన్నే వాడతాం. మా దగ్గర చేరినవాళ్లకు మొదటి వారం ఇదొక్కటే పని: ఖాళీ గొట్టం, ఒక కెపాసిటర్, ఆ చతుర్భుజం. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకే వాట్లు వచ్చేదాకా క్యాటలిస్ట్ తయారీకి వాడే నికెల్ నైట్రేట్ సీసా ఉన్న అల్మారా తాళం ఇవ్వం.